బండి మరమ్మతు: మన చేతనా, మేస్త్రి చేతనా?



ఇల్లు నడుపుట యనగా దినదినమును నిర్ణయములు చేయుటయే. ఈ పని మనము చేసికొనవలెనా, కూలి యిచ్చి చేయించుకొనవలెనా యను ప్రశ్న ఉదయము లేచినది మొదలు మనయెదుట నిలిచియే యుండును. రవిక కుట్టుటకు దర్జీ కిత్తుము. ఊడిన గుండీ మనమే కుట్టుకొందుము. ఆవకాయ మనమే కలుపుకొందుము. కారము మాత్రము మరకు పంపుదుము. పిల్లవానికి జలుబు చేసినచో మిరియాల కషాయము కాచి యిత్తుము. జ్వరము మూడవనాటికిని దిగకున్న వైద్యునియొద్దకు గొనిపోవుదుము. ఈ హద్దులు మన కెవరును పుస్తకమున వ్రాసి యీయలేదు. తల్లినుండి కూతురికి, అత్తనుండి కోడలికి చూచి నేర్చుకొన్న విద్యగా అవి వచ్చినవి.

కాని మోటారుకారు విషయమున మనకట్టి విద్య సంక్రమించలేదు. మన అమ్మమ్మల కాలమున ఇంట ఎడ్లబండి యుండెను. ఇరుసునకు కందెన వేయుట ఇంటివాని పని, చక్రమునకు పట్టా వేయుట కమ్మరి పని యని అందరికిని తెలియును. కారునకు మాత్రము అట్టి హద్దెవరును గీయలేదు. అందుచేత కొందరు స్త్రీలు బానెట్ ఎత్తుటకే జంకుదురు. చిన్న దీపము మాడినను షెడ్డుకు పరుగిడుదురు. మరికొందరు సెల్ఫోనులో నాలుగు బొమ్మలు చూచి బ్రేకులు విప్పుటకును వెనుదీయరు. ఈ రెండును గృహిణికి తగిన త్రోవలు కావు. ఆ హద్దును నేనెట్లు వెదకుకొంటినో మీతో ముచ్చటించుటయే యీ వ్యాసము నుద్దేశము.

మా కాపురము విజయవాడలో, పటమటలో. మా వారు విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచు పక్షమున కొకమారు వచ్చిపోవుదురు. అత్తగారు నావద్దనే యున్నారు. ఆమెకు మూత్రపిండములు పనిచేయుట మానినందున వారమునకు మూడుదినములు ఆసుపత్రికి పోయి, ఒక్కొక్కమారు నాలుగు గంటలు డయాలిసిస్ యంత్రము ప్రక్కన పరుండవలెను. ఒక్క పూట తప్పినను ఒంట నీరు నిలిచి ఆయాసము వచ్చును. తిరిగి వచ్చునపుడు రక్తపుపోటు తగ్గి తల తిరుగుచుండుటచే ఆటోలో ఆమెను కూర్చుండబెట్టుట కష్టము. కావున మా యింట నున్న తొమ్మిదేండ్ల నాటి పెట్రోలు కారు మాకు విలాసవస్తువు కాదు, మందులపెట్టె వంటిది. అది కదలని దినమున మా యింట ఒకరి ప్రాణము సంశయములో పడును. అందుచేతనే బండి సంగతి నేను పట్టించుకొనవలసి వచ్చినది.

మొదట నేను చేసిన పని పానా పట్టుట కాదు, పద్దుపుస్తకము తీయుట. ఒక సంవత్సరపు మరమ్మతు చీటీలన్నియు ఏర్చి కూర్చి చూడగా మొత్తము రూ. 26,400 తేలినది. అందులో విడిభాగములకును, నూనెలకును రూ. 17,900, చేతికూలి రూ. 8,500. ఆ కూలిలో నావంటిది నేర్చి చేయదగిన పనులకైనది రూ. 1,900 మాత్రమే. వైపరు రబ్బర్లు, గాలివడపోతలు మొదలైనవి అంగడిలో నేనే కొన్నచో మరి రూ. 1,300 మిగులును. ఈ రెండును కలిపిన రూ. 3,200. అయితే పానాల పెట్టె, గాలి చూచు గేజి, మంచి జాకీ, చేతితొడుగులు మొదలగు వానికి రూ. 4,200 కావలెను. అనగా మొదటి యేట వేయిరూపాయలు ఎదురు పెట్టుబడియే. రెండవయేటినుండి యేదో కొంత మిగులు.

ఈ లెక్క చూచి మా వారు టెలిఫోనులో నవ్విరి. “మూడువేల కోసం చేతులు మసి చేసుకోవడమెందుకు? మేస్త్రి ఉన్నాడుగా” అనిరి. డబ్బు మాత్రమే చూచినచో ఆ మాట నిజమే. కాని నా లెక్కలో చీటీమీద పడని పద్దు మరియొకటి కలదు. ఉదయము ఆరుగంటలకు డయాలిసిస్ కు బయలుదేరవలసి యుండగా బండి కదలనిచో, ఏ మేస్త్రియు అప్పటికి షెడ్డు తలుపు తీయడు. ఆ గంటకు వెల యెంత? ఆ వెల నాకు మాత్రమే తెలియును.

మేస్త్రులకు మా యూర కొదువలేదు. పటమట ప్రక్కనే జవహర్ ఆటోనగర్ ఉన్నది. 1960వ దశకములో ఏర్పడిన యీ ఆటోనగర్ నేడు మనదేశమునందే పేరుగన్న మోటారు పనివారి పేట. కలకత్తా–మద్రాసు పెద్దబాట, హైదరాబాదునుండి బందరునకు పోవు బాట మా యూరనే కలియుట చేతను, డెల్టా ధాన్యము లారీలపైననే దూరదేశములకు పోవుట చేతను ఈ విద్య యిచ్చట వేళ్లూనినది. అచట ఒకే మేస్త్రి అన్నియు చేయడు. కమానుకట్టలు వేయువాడొకడు, రేడియేటరు అతుకువాడొకడు, లేత్ మిషనుపై ఇనుము చెక్కువాడొకడు, సొట్టలు తీయు టింకరింగువాడొకడు, రంగు వేయువాడొకడు, వైర్ల పని చూచు ఎలక్ట్రీషియను వేరొకడు. లారీకి కొయ్యయు ఇనుమును జోడించి ఆకారము కట్టు బాడీ పనివారి కీర్తి పొరుగు రాష్ట్రములకును ప్రాకినది. పెద్దాసుపత్రిలో కంటికి, చెవికి, గుండెకు వేర్వేరు వైద్యులున్నట్లే యని తలచుడు. పది పండ్రెండేండ్లు ఒకే పనిలో చేయి అరుగదీసికొన్న వానితో మనము పోటీ పడనేల? ఆ యవసరము లేదు. కాని వైద్యుడున్నంత మాత్రమున ఇంట ఉష్ణమాపకము ఉండరాదా?

ఈ సందర్భమున నూటముప్పది యేండ్లకు పైబడిన యొక సంగతి చెప్పవలెను. మన నగరమున బెంజి సర్కిలు పేరు పలుకని దినముండదు గదా. ఆ బెంజి యను ఇంటిపేరుగల జర్మనీ దేశపు ఇల్లాలు బెర్తా బెంజి. ఆమె భర్త కార్ల్ బెంజి 1886లో పెట్రోలు బండికి పేటెంటు పొందెను. కాని జనులు దానిని నమ్మి కొనుటకు ముందుకు రాలేదు. 1888 ఆగష్టులో బెర్తా తన కుమారులిద్దరిని వెంటబెట్టుకొని, భర్తతో ముందుగా చెప్పకయే, ఆ బండి నెక్కి మాన్‌హైమ్ నుండి ఫోర్‌ట్‌జ్‌హైమ్‌లోని పుట్టినింటికి సుమారు 106 కిలోమీటర్లు ప్రయాణించెను. మోటారుబండిపై అంతటి దూరప్రయాణము లోకమున అదియే మొదటిది. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీసూదితో పొడిచి బాగుచేసెను. వైరు ఒరసికొనగా మేజోటికి కట్టుకొను పట్టీతో చుట్టి ఆపెను. ఇంధనము తరుగగా వీస్లోహ్ అను ఊర మందులంగడిలో కొనెను. ఇంతవరకు ఆమె చేతిపనియే.

అయితే గొలుసు చెడినప్పుడు కమ్మరిని పిలిచెను. బ్రేకుల కొయ్యదిమ్మలు అరిగినపుడు చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించెను. చూచితిరా! ప్రపంచమున మొదటి దూరప్రయాణమందే యీ ప్రశ్న పుట్టినది. దానికి సమాధానమును ఒక ఇల్లాలే చెప్పినది. సూదితో తీరు పనికి తన చేయి చాలును. బ్రేకుల పనికి పనివాని చేయి కావలెను. ఇంతకన్న మంచి హద్దు నాకు నేటివరకు దొరకలేదు.

స్త్రీలకు యంత్రముల గొడవ యెందుకని యెవరైన అన్నచో, వానకు తడిసిన అద్దమును లోపలనుండియే తుడుచు వైపరునకు 1903లో అమెరికాలో పేటెంటు పొందినది మేరీ ఆండర్సన్ అను స్త్రీయని చెప్పుడు. 1945లో, రెండవ ప్రపంచ యుద్ధకాలమున, ఇంగ్లండు రాకుమార్తె ఎలిజబెత్ సైన్యపు స్త్రీల దళములో చేరి లారీలు నడుపుటయు, వాని మరమ్మతులును నేర్చుకొనెను. పిమ్మట ఆమెయే రాణి యైనది. చేతికి అంటిన గ్రీజు ఆమె గౌరవమునకు కొరత తేలేదు.

ఇక నా యనుభవమున ఇంట చేసికొనదగిన పనులను చెప్పెదను. వీనికి బలము కంటె వారమునకు పావుగంట శ్రద్ధ ముఖ్యము.

టైర్లలో గాలి యెంత యుండవలెనో డ్రైవరు ప్రక్క తలుపు తీసినచో కనబడు చీటీపై వ్రాసియుండును. బండి నడువక చల్లగా నున్నపుడు గేజితో చూడవలెను. డిక్కీలోని స్టెప్నీని మరువరాదు. ఇంజను నూనెను సమతలముపై బండి నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు కొలతపుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మరల దింపి చూడవలెను. నూనె రెండు గుర్తుల నడుమ నుండవలెను. కూలెంటు అనబడు చలువనీరు తెల్లని డబ్బాలో పై గీతకును క్రింది గీతకును మధ్య నుండవలెను. ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూత నెన్నడును తీయరాదు. మూతతీసిన కుక్కరువలె లోని నీరు ఎగజిమ్మి ముఖము కాలును. మా బెజవాడ వేసవియెండలలో ఈ నీరు తగ్గినచో ఇంజను ప్రాణమునకే ముప్పు. వైపరు రబ్బర్లు, గాలివడపోత, మాడిన ఫ్యూజు మార్చుట మన చేతిలో పనులే. ఫ్యూజుపై వ్రాసిన అంకెగలదే మరల వేయవలెను. పెద్దది వేసినచో తీగలు కాలును. కోతల కాలమున గడ్డివాముల చెంత నిలిపిన బండ్ల వైర్లను ఎలుకలు కొరుకుట డెల్టా గ్రామములలో అందరు నెరిగినదే. పల్లెకు పోయివచ్చినపుడెల్ల బానెట్ ఎత్తి చూచుట మంచిది.

చక్రము మార్చుట కూడ స్త్రీకి అసాధ్యము కాదు. హ్యాండుబ్రేకు వేసి, ఎదుటి మూల చక్రమునకు రాయి పెట్టి, బండి నేలనుండగానే నట్లను కొంచెము వదులు చేయవలెను. పిదప జాకీతో లేపి, చక్రము మార్చి, నట్లను ఎదురెదురుగా బిగించి, బండిని దింపిన తరువాత మరల గట్టిగా బిగింపవలెను. జాకీపై నిలిచిన బండిక్రింద తలగాని చేయిగాని పెట్టరాదు. జాకీ చక్రము మార్చుటకేగాని మనుష్యుని కాపాడుటకు కాదు.

మరియు స్త్రీలకు ప్రత్యేకముగా రెండు మాటలు. బ్యాటరీ ముట్టునపుడు గాజులు, ఉంగరములు, గొలుసులు తీసి పక్కన బెట్టుడు. గాజు రెండు కొనలకు తగిలినచో క్షణములో ఎర్రగా కాలి చేతి నంటుకొనును. పమిట కొంగును, చున్నీని నడుమునకు బిగించి, జడను ముడివేసికొనుడు. కొన్ని బండ్లలో ఇంజను ఆపిన పిమ్మట కూడ రేడియేటరు ఫ్యాను తనంతట తాను తిరుగ నారంభించును.

ఇక ముట్టరాని పనులు. బ్రేకులు, స్టీరింగు, చక్రముల వెనుకనుండు స్ప్రింగులు, పెట్రోలు గొట్టములు, గాలిసంచులు, ఏసీ గ్యాసు, ఇంజను లోపలి పని — ఇవి మేస్త్రివే. అణచిపెట్టిన స్ప్రింగు జారినచో తూటావలె వచ్చును. గాలిసంచి పేలుడుమందుతో విచ్చుకొనునది. దాని తీగలను కెలుకరాదు. విద్యుత్తుతో నడుచు కొత్త బండ్లలో నారింజరంగు తీగలు ప్రాణము తీయగల బలము గలవి. బ్రేకునూనె తగ్గినచో పోసి ఊరకుండరాదు. అది తగ్గుట ప్యాడ్లు అరుగుటకో, ఎచ్చటనో కారుటకో గుర్తు. గ్యారంటీ గడువు తీరని బండియైనచో ఒప్పందపు కాగితము చదువక పానా పట్టనే రాదు.

ఈ రెంటి నడుమ సందేహపు పనులు కొన్ని యున్నవి. ఇంజను నూనె మార్చుట అట్టిది. నేర్చినచో చేయవచ్చును. కాని బండిని సురక్షితముగా లేపుటకు స్టాండ్లు కావలెను; ఏడాదికొకటి రెండుమార్లకై అవి మూలబడి యుండును. అంతకన్న పెద్ద చిక్కు పాత నూనెది. అది అపాయకరమైన వ్యర్థపదార్థము. దానిని కాలువలో పోయుట పాపము. మా నగరము నడుమనుండి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ పారుచున్నవి. ప్రకాశము బ్యారేజినుండి వెడలు ఆ నీరే డెల్టా వరిచేలకును, ఎన్నియో ఊళ్ల చెరువులకును చేరుచున్నది. షెడ్డువారివద్ద పాతనూనె కొనిపోవు ఏర్పాటుండును. కావున ఆ పని నేను మేస్త్రికే విడిచితిని. అట్టి సందేహము వచ్చినపుడు నన్ను నేను మూడు ప్రశ్నలు వేసికొందును. ఈ పని చెడినచో బండి నిలిచిపోవునా, లేక ఆగకుండపోవునా? దీనికి కొను పనిముట్టు మరల యెన్నిమార్లు చేతికి వచ్చును? మిగిలినదానిని పారవేయుటకు త్రోవ కలదా? మొదటి ప్రశ్నకు ‘ఆగకుండపోవును’ అని సమాధానము వచ్చినచో తక్కిన రెండు ప్రశ్నలును అక్కరలేదు.

ఈ విచారణ యంతయు మాటలకే కాక చేతకు వచ్చిన రెండు ఉదయములను చెప్పెదను.

మొన్నటి మార్గశిరమున ఒక డయాలిసిస్ దినమున తాళము తిప్పగా ‘టక్’ మను చప్పుడే గాని ఇంజను మేలుకొనలేదు. దీపములు మసకగా వెలుగుచున్నవి. బానెట్ ఎత్తి చూడగా బ్యాటరీ కొనలపై తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకొని యున్నది. గాజులు తీసి, చేతితొడుగులు వేసికొని, ముందుగా నలుపుతీగ, పిదప ఎరుపుతీగ విప్పితిని. గోరువెచ్చని నీట వంటసోడా కలిపి పాత పళ్లబ్రష్షుతో రుద్ది, తుడిచి, ఆరబెట్టి, ముందుగా ఎరుపును, తరువాత నలుపును బిగించితిని. తాళము తిప్పగనే బండి పలికినది. అంతయు ఇరువది నిమిషములు. అత్తగారు అరుగుమీద కూర్చుండి చూచుచు, “అమ్మాయీ, ఇది పెరుగు చిలికినంత సులువుగా చేశావే!” అనిరి. ఆనాడు ఆసుపత్రి గడియారము మమ్మును నిందింపలేదు.

మరి రెండుమాసములకు ఇంకొక ఉదయము గేటు దాటునప్పుడు బ్రేకుపై కాలు పెట్టగా అది మెత్తగా లోనికి దిగినది. వెంటనే హ్యాండుబ్రేకు లాగి నిలిపితిని. లోనికి చూడలేదు, పానా పెట్టె తెరువలేదు. ఎదురింటి వారిని వేడుకొని వారి కారులో అత్తగారిని పంపి, మేస్త్రికి కబురంపితిని. ఆయన వచ్చి చూచి, “గొట్టం కారుతోందమ్మా. పోసి నడిపేసుంటే బందరు రోడ్డు మీద ఏమయ్యేదో” అని బండిని లాగించుకొనిపోయెను. మొదటి ఉదయమున చేయి పెట్టుట తెలివియైనచో, రెండవ ఉదయమున చేయి పెట్టకుండుటయు అంతే తెలివి. రెండును ఒకే విద్యకు రెండు ప్రక్కలు.

2024 సెప్టెంబరు వరదలను మా జిల్లావారు మరువజాలరు. ప్రకాశము బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయినది. బుడమేరు గండ్లుపడి అజిత్‌సింగ్‌నగరు ప్రాంతము దినముల తరబడి మునిగియుండెను. మా చెల్లెలి కాపురము ఆ పేటలోనే. నీరు తీసిన తరువాత ఆమె టెలిఫోను చేసి, “అక్కా, కారు సీట్ల దాకా మునిగింది. ఒకసారి తాళం తిప్పి చూడమంటున్నారు అందరూ. ఏం చెయ్యను?” అని యడిగినది. “తిప్పకు. తిప్పనివ్వకు” అని చెప్పితిని.

కారణము వినుడు. ఇంజను గాలిని నొక్కి పనిచేయు యంత్రము. గాలి నొక్కుడుపడును, నీరు నొక్కుడుపడదు. నీరు చేరిన ఇంజనును తిప్పినచో ముషలమునకు నీరడ్డమై లోని కడ్డీలు వంగును. అప్పుడు శుభ్రపరచుటతో పోవునది ఇంజను మార్చుట వరకు వచ్చును. పైగా నీటిలో తాళము తిప్పుటచే చెడిన ఇంజనునకు సాధారణ భీమా వర్తింపదు. దానికి ఇంజను రక్షణయను వేరు పద్దు ముందుగా కట్టియుండవలెను. మా చెల్లెలు బండి యున్న తీరును ఫోటోలు తీసి భీమావారికి పంపి, బ్యాటరీతీగ విప్పించి, బండిని లాగించుకొని పోయినది. ఆ వారములలో షెడ్లముందు మునిగిన బండ్లు బారులు తీరియుండెను. మేస్త్రి ప్లగ్గులు తీసి, నీరు వెడలగొట్టి, నూనెలన్నియు మార్చి, సీట్లు ఎండబెట్టి ఇరువది దినములకు బండిని నడిపించెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యను సామెత యిచ్చట తగును. ఆమె చేసినదెల్ల ఒక పని చేయకుండుటయే. కాని ఎందుకు చేయరాదో తెలిసియుండుటచే నలుగురి మాటకు లొంగలేదు.

మేస్త్రితో మాటాడు విధమును గూర్చి ఒక ముక్క. మొదట్లో నేను షెడ్డుకు పోయినపుడు, బండి తోలుకొని వచ్చినది నేనైనను, మేస్త్రి నా వెంట వచ్చిన పదునారేండ్ల మరదివైపు తిరిగి చెప్పుచుండెను. నేను కోపగింపలేదు. “మేస్త్రిగారూ, ఎడమ ముందు చక్రం దగ్గర గుంతలో పడ్డప్పుడు మాత్రమే చప్పుడు వస్తోంది, తిప్పినప్పుడు రావడం లేదు” అని చెప్పితిని. ఆయన తల యెత్తి చూచెను. నాటినుండి నాతోనే మాటాడుచున్నాడు. రోగమును సరిగా చెప్పగల రోగి యనిన వైద్యునికి ఇష్టము గదా! పని మొదలుపెట్టకముందు అంచనా వ్రాయించుకొనుట, తీసివేసిన పాతభాగమును చూపుమని యడుగుట, కొన్న భాగమునకు రసీదు తీసికొనుట — ఇవి అనుమానములు కావు, వ్యవహారమర్యాదలు. మంచిమేస్త్రి వీనికి నొచ్చుకొనడు. నొచ్చుకొనువానివద్దకు మరల పోనక్కరలేదు.

అదేవిధముగా మన మర్యాదయు ఒకటి యున్నది. పట్టుచీరకు పదివేలు పోసి, బ్రేకులు బిగించినవానికి నూరురూపాయలకు బేరమాడుట న్యాయము కాదు. ఐటీఐలో మోటారు మెకానిక్కు చదువు రెండేండ్లు. అది చదివినను చదువకున్నను, షెడ్డులో ఎండకు వానకు నూనెలో చేతులు ముంచి నేర్చిన యేండ్లు మరియెన్నియో. మనము కొన్ని చిన్నపనులు చేసిచూచిన పిదప ఆ కూలి యెందుకో మనకే తెలియవచ్చును. నేను స్వయముగా చక్రము మార్చిన దినమునుండి మేస్త్రికూలి యెక్కువయని ఒక్కమారును అనలేదు.

సోదరీమణులారా, మీ యింట కారుండినను, స్కూటరుండినను, ఈ ఆదివారమే బానెట్‌గాని డిక్కీగాని ఎత్తి చూడుడు. కొలతపుల్ల ఎచ్చటనున్నదో, స్టెప్నీలో గాలి యున్నదో లేదో తెలిసికొనుడు. ఎదిగిన కూతుళ్లుండినచో ప్రక్కన నిలుపుకొని చూపుడు. అభ్యాసము కూసువిద్య యందురు. నడుపుట నేర్పుచున్నారు గదా. ఎప్పుడు చేయి పెట్టవలెనో, ఎప్పుడు తీయవలెనో కూడ నేర్పుడు. అత్తవారింటికి పోవు పిల్లకు ఇచ్చు సారెలో పసుపుకుంకుమల ప్రక్కన ఒక గాలిగేజియు, ఒక చక్రపు పానాయు నుంచినచో ఎవరు కాదందురు?